అక్క గేదెల మీద నా వాంగ్మూలం

నేను కథలు అల్లుతానని మా గోదారి లంకలో అందరికీ తెలుసు. టీ కొట్టు బల్ల మీద నాకు చోటు ఖాళీ చేసేది కూడా అందుకే. రావులపాలెం అరటి మార్కెట్టుకి నేను తీసుకెళ్ళిన గెలని దింపడానికి హమాలీలు చాలక, హైవే మీద పోతున్న క్రేనుని ఆపాల్సొచ్చిందని చెప్పింది నేనే. ధవళేశ్వరం గేట్లు ఎత్తిన రోజున ఒక కొబ్బరిచెట్టు నిలువునా కొట్టుకొస్తుంటే, పైనున్న దింపు కార్మికుడు ఇంకా కాయలు కోస్తూనే ఉన్నాడని, నన్ను చూసి ఒక బొండం కిందికి విసిరాడని చెప్పిందీ నేనే. ఆ బొండం నీళ్ళు తియ్యగా ఉన్నాయా అని అడిగినవాళ్ళున్నారు తప్ప, అలా ఎలా జరుగుతుందని అడిగినవాళ్ళు లేరు. యాభైకి దగ్గరపడ్డా ఈ బుద్ధి పోలేదు. పోగొట్టుకోవాలని కూడా ఎప్పుడూ అనిపించలేదు, అక్క గేదెల సంగతి వచ్చేదాకా.

అక్క నాకన్నా ఎనిమిదేళ్ళు పెద్దది. బావ పోయాక, ఉన్న కాస్త మెరక పొలమూ ఏరు కోసేశాక, ఆవిడకి మిగిలింది రెండు గేదెలు. తల్లీ కూతుళ్ళు. పెద్దది, చిన్నది అనే పిలిచేది. పొద్దున ఒక పూట, సాయంత్రం ఒక పూట పాలు కేంద్రానికి పోసేది. ఆ పాలతోనే ఆవిడ పొయ్యి వెలిగేది. నేను ఇస్తానంటే తీసుకునేది కాదు. "నీ మాటలే నాకు చాలురా, డబ్బులు కూడా ఎందుకు" అనేది.

మా లంకల్లో ఒక పద్ధతుంది. ఎర్రనీళ్ళు పాక గుమ్మం దాకా వస్తే గేదెల పలుపులు కోసేస్తారు. విప్పరు. తడిసిన ముడి చేతికి లొంగదు కనక కొడవలితో కొయ్యాల్సిందే. దాని కోసమే ప్రతి పాక చూరులోనూ ఒక కొడవలి దోపి ఉంటుంది. కోసి వదిలితే గేదె దాని దారిన ఈదుకుంటూ పోయి ఏదో ఒక గట్టెక్కుతుంది. ఆ గట్టు వాళ్ళు దాన్ని తమ గుంజకే కట్టుకుని, తమ గడ్డే వేస్తారు. నీళ్ళు తీశాక గొడ్డు తాలూకు మనిషి ఒక అరటిగెల భుజాన వేసుకుని గట్టు వెంట ఊరూరూ వెతుక్కుంటూ వెళ్తాడు. దొరికినచోట గెల దింపి, గేదెని తోలుకొస్తాడు. గడ్డి ఖర్చెంతైందని ఎవరూ అడగరు, ఇచ్చినా పుచ్చుకోరు. మా తాతల నాటి నుంచీ ఇంతే.

ఆ ఏడు మూడో ప్రమాద హెచ్చరిక ఆటోలో మైకు పెట్టి చెప్పారు. అంతకు రెండు రోజుల ముందే, కాజ్‌వే మునగకుండానే, మా ఊరి పెద్ద రైతు తన మంద మొత్తాన్ని లారీల్లో ఎక్కించి గట్టవతల చుట్టాలింటికి పంపేశాడు. ఊరంతా చూసింది. నేను కూడా ఒక గేదెని వెనకనుంచి తోసి ఎక్కించాను. తెలివైన పని చేశాడని అందరం అనుకున్నాం కూడా. కొంతమంది నీళ్ళు ఇంత దూరం రావులే అని తమ గేదెల్ని కట్టుకొయ్యల దగ్గరే వదిలేసి పడవెక్కేశారు. అక్క మాత్రం మొలలోతు నీళ్ళలో నిలబడి రెండు పలుపులూ కోసింది. చిన్నది కదలనంటే వీపు మీద ఒక్కటి చరిచి, అప్పుడు పడవెక్కింది.

నేను స్కూలు డాబా మీద ఉండిపోయాను. మధ్యాహ్నం పులిహోర పొట్లాల పడవ వచ్చిందని మిగతావాళ్ళందరూ అటువైపు పరిగెత్తారు. ఇటువైపు నేనొక్కడినే. అక్క గేదెలు రెండూ స్కూలు ముందు నుంచే ఈదుకుంటూ వెళ్ళాయి. పెద్దది ముందు, చిన్నది వెనక. లంక కొసన రెండు పాయలు కలిసేచోట సుడి ఉంటుంది. పెద్దది అక్కడ ఒకసారి తిరిగింది. కొమ్ములు కనిపించాయి, తర్వాత కనిపించలేదు. చిన్నది ముందుకు పోకుండా అక్కడే చుట్టూ తిరిగింది. నేను డాబా పిట్టగోడ పట్టుకుని కేకేశాను. ఏమని కేకేశానో గుర్తు లేదు. కాసేపటికి అది కూడా లేదు.

సాయంత్రం నన్ను గట్టుకి చేర్చారు. టార్పాలిన్ కింద అక్క కూర్చుని ఉంది. చీర ఇంకా తడిగానే ఉంది.

"ఒరేయ్, మన గేదెలు గానీ కనిపించాయా?"

"కనిపించకేం. దర్జాగా వెళ్ళాయి. పెద్దది మెడ ఎత్తుకుని వెళ్తుంటే వెనకాల చిన్నది తోక పట్టుకున్నట్టు వెళ్ళింది. అవతలి గట్టెక్కేశాయి."

అక్క అప్పుడు లేచి చీర మార్చుకుంది. నేను చెప్పినవాటిలో అంత పనికొచ్చిన అబద్ధం అంతకుముందు లేదనుకున్నాను.

నీళ్ళు తీశాక నష్టం రాసుకోవడానికి పశువుల డాక్టరమ్మ వచ్చింది. నడివయసు మనిషి, మోకాళ్ళ దాకా బురద, చేతిలో అట్టకి క్లిప్పు పెట్టిన కాగితాలు. నిబంధన ఆవిడే చెప్పింది. చచ్చిన గొడ్డు కళేబరం ఉండాలి, చెవికి పసుపు ట్యాగుండాలి, రెండూ కలిపి ఫొటో తియ్యాలి. అంటే కట్టుకొయ్యకి కట్టి వదిలేసినవాళ్ళ గేదెలు ట్యాగులతో సహా ఉన్నచోటే ఉన్నాయి కనక వాళ్ళకి పరిహారం. కోసి వదిలినవాళ్ళకి చూపించడానికి ఏమీ లేదు.

అక్క పక్కింటాయన గేదె కొయ్య దగ్గరే పోయింది. ఆయన ఫొటో తీయించుకుని వచ్చి, అక్క మొహం చూడలేక గోడవైపు తిరిగి చెప్పాడు. "నువ్వు కోసి మంచి పని చేశావమ్మా. కోయనోడికేమో డబ్బులంట."

అక్క డాక్టరమ్మ దగ్గరికెళ్ళింది. "తాడు కోసినందుకు నాకు లేదంటారాండీ?"

"అలా అని కాదండి" అంది డాక్టరమ్మ. మంచి మనిషే, ఇప్పటికీ అంటాను. "కళేబరం దొరక్కపోతే, కొట్టుకుపోవడం కళ్ళారా చూసినవాళ్ళు చెబితే పంచనామా రాస్తాను. ఎవరన్నా చూశారా?"

"మా తమ్ముడు చూశాడండి."

అందరూ నావైపు తిరిగారు. టార్పాలిన్ కింద పాతికమంది దాకా ఉన్నారు. అయిదు రోజులుగా బురద ఎత్తుతూ, కుళ్ళిన ధాన్యం వాసన పీలుస్తూ ఉన్న మనుషులు. నేను నోరు తెరవగానే వాళ్ళ మొహాలు కాస్త విప్పారాయి. పక్కనే అక్క. డాక్టరమ్మని చాటుకి పిలిచి ఒక్క ముక్క చెబితే సరిపోయేది. ఆ ఆలోచన రాలేదంటే అబద్ధం. వచ్చింది. కానీ అంతమంది నా నోటివైపు చూస్తుంటే చాటుకి వెళ్ళబుద్ధి కాలేదు.

"చూశానండి. పెద్దది మహా ఈతగత్తె అండీ. మధ్యలో ఒక పాము అడ్డొస్తే దారిమ్మని కొమ్ముతో పక్కకి జరిపింది."

"పాముని?" అన్నారెవరో.

"ఆయ్. పాము కూడా మారు మాట్లాడకుండా జరిగింది."

వరదొచ్చాక మా ఊరు మొదటిసారి నవ్వింది. డాక్టరమ్మ రాస్తూనే అడిగింది. "ఒడ్డెక్కడం చూశారా మీరు?"

"చూడ్డమేంటండీ. అవతల ఒడ్డెక్కి ఒళ్ళు దులుపుకుంటే ఆ తుంపర్లు ఇవతల నా మొహాన పడ్డాయండి."

అక్క కూడా నవ్వింది. చెంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. డాక్టరమ్మ నవ్వుతూ కాగితం నాకిచ్చి సంతకం పెట్టించుకుంది. చదవలేదు నేను. ప్రభుత్వంలో కాగితాలు రాస్తారు గానీ చదవరని నా గట్టి నమ్మకం. టీ కొట్టులో దాని మీద కూడా ఒక కథ ఉంది నా దగ్గర.

అక్క మర్నాటి నుంచే గెల మొదలుపెట్టింది. నా తోటలో గెల కొట్టించుకుని, నా స్కూటర్ ముందు పెట్టించుకుని, గట్టు వెంట ఒక్కో ఊరూ. "అవతలి గట్టెక్కాయన్నావుగా, ఇటు కాదు అటు పోనీ" అనేది. పోనిచ్చేవాడిని. ప్రతి ఊళ్ళోనూ గుంజలకి కట్టిన గేదెల చెవులు పట్టుకుని ట్యాగు చూసేది, "హోయ్" అని తన కేక వేసేది. పెద్దది ఆ కేకకి ఎక్కడున్నా తలెత్తుతుంది. ఏ గేదే తలెత్తేది కాదు. వచ్చేటప్పుడు గెల తిరిగి తెచ్చుకుంటే బాగోదని అక్కడే ఇచ్చేసేది.

పరిహారం జాబితా వచ్చిందని ఒకరోజు గ్రామ సచివాలయంలో అంటించారు. అందరికీ తెలిసేలా ప్రదర్శించాలి, అభ్యంతరాలు తీసుకోవాలి అని నియమం. నియమం ప్రకారమే జరిగింది. తలుపు పక్క గోడకి అంటించారు, దాని పక్కన ఒకాయన్ని నిలబెట్టి ఫోనులో ఫొటో తీశారు, ఫొటో పైకి పంపారు, జాబితా పీకి లోపల పెట్టుకున్నారు. నేను వెళ్ళేసరికి గోడ మీద నాలుగు జిగురు మరకలు మాత్రమే ఉన్నాయి. ఆ మరకలు చూసి ఎవరైనా అభ్యంతరం రాసుకోవచ్చు.

ఎలాగో లోపలికి తొంగి చూశాను. అక్క పేరు లేదు. పెద్ద రైతు పేరుంది, పక్కన పదకొండు గేదెలు. నేను లారీలోకి తోసిన గేదె కూడా ఆ పదకొండులో చచ్చిపోయినట్టే లెక్క.

గ్రామసభలో లేచాను. "పెద్ద రైతు గారి గేదెలు లారీలో చచ్చాయాండీ, చుట్టాలింట్లోనా?"

ముందు నవ్వులు. తర్వాత వెనకనుంచి ఎవరో అన్నారు. "ఆ కొబ్బరిచెట్టు మీద దింపు కార్మికుడి పేరు కూడా జాబితాలో ఉందేమో చూడండి బాబూ."

దాంతో సభ అయిపోయింది. పెద్ద రైతు నా భుజం మీద చెయ్యేసి టీ తాగుదాం రమ్మన్నాడు. ఆయన మొహంలో కోపం ఏమాత్రం లేదు. అదే నాకు ఎక్కువ మండింది.

సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టాను. పెద్ద రైతు ఫైలు, అక్క ఫైలు రెండూ కావాలన్నాను. చాలా వారాల తర్వాత జవాబొచ్చింది. పెద్ద రైతు వివరాలు మూడో వ్యక్తికి సంబంధించినవి కనక ఇవ్వలేరట. అక్క ఫైలు అక్క అనుమతి కాగితం తెస్తే చూపిస్తారట. అక్క చేత సంతకం పెట్టించుకుని మండలం ఆఫీసుకి వెళ్ళాను. వెళ్ళేటప్పుడు స్కూటర్ మీద ఎలా చెప్పాలో కూడా సిద్ధం చేసుకున్నాను. ఆఫీసుని ఎలా గడగడలాడించానో టీ కొట్టులో చెప్పడానికి.

గుమాస్తా కంప్యూటర్లో అక్క ఫైలు వెతుకుతూ పొరపాటున పెద్ద రైతు పేజీ తెరిచాడు. స్క్రీను కాస్త నావైపే ఉంది. ఒక చచ్చిన గేదె ఫొటో, ఎడమ కొమ్ము సగం విరిగింది. కిందికి జరిపాడు. ఇంకో ఫొటో, తోకవైపు నుంచి, ఎడమ కొమ్ము సగం విరిగింది. ఇంకోటి, పైనుంచి. అదే కొమ్ము. ట్యాగు నంబర్లు మాత్రం వేరు వేరు. ఒకే గేదె అన్నిసార్లు చచ్చింది. నేను పుట్టి పెరిగి ఇన్ని అల్లాను గానీ, ఆ పాటి కథ ఒక్కటి కూడా అల్లలేకపోయాను. ఊరికెళ్ళి ఇది చెబితే ఏమవుతుందో అక్కడే తెలిసిపోయింది నాకు. విని, నవ్వి, ఇంకోటి చెప్పమంటారు. తర్వాత చెప్పాను కూడా. అలాగే అయింది.

గుమాస్తా అక్క ఫైలు తీసి కాగితం నా ముందు పెట్టాడు. ఆ ఫైల్లో కింద గీతలు గీసి, మార్జిన్లో టిక్కులు పెట్టి, శ్రద్ధగా చదివిన కాగితం ఒకటే ఉంది. నాది.

"సాక్షి స్వయముగా చూచినదేమనగా, సదరు రెండు పశువులు నదిని ఈదుకొనుచు అవతలి ఒడ్డుకు చేరి శరీరమును దులుపుకొనెను." దాని కింద ఆఫీసు వాళ్ళ రాత: "కావున పశువులు సజీవముగా నున్నవని భావించి దరఖాస్తు తిరస్కరించడమైనది."

పాము లేదు, తుంపర్లు లేవు. నమ్మదగిన ముక్కలు మాత్రం ఏరి పెట్టుకున్నారు. నా జీవితంలో నా మాటని పూర్తిగా నమ్మినవాళ్ళు ఆ ఆఫీసు వాళ్ళొక్కరే.

"ఇది నిజం కాదండి" అన్నాను.

"సంతకం మీదే కదండీ?"

"నాదే. కానీ అవి మునిగిపోయాయండి. నేను చూశాను."

గుమాస్తా కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "అంటే అప్పుడు అబద్ధం చెప్పారంటారు. ఇప్పుడు చెప్పేది నిజమంటారు. నేను ఏది రాసుకోమంటారండీ?"

"ఇదే."

"సరే. మీ అక్కగారు అప్పీలు పెట్టాలి. నా పశువులు చనిపోయాయని ఆవిడ సంతకం చెయ్యాలి. మీరు కొత్త వాంగ్మూలం ఇవ్వాలి. పదిహేను రోజులు గడువు, ఆ తర్వాత తీసుకోం." ఫారం ఇచ్చి, నేను లేస్తుంటే అన్నాడు. "ఈసారన్నా ఆలోచించి చెప్పండి. ఇక్కడ మేం రాసుకుంటాం."

ఫారం స్కూటర్ డిక్కీలో పన్నెండు రోజులుంది. ఆ పన్నెండు రోజుల్లో అక్కతో రెండు ఊళ్ళు తిరిగాను. పదమూడో రోజు పొద్దున్నే వెళ్ళాను. ఆవిడ ఖాళీ పాకలో ఎండుగడ్డి విదిలిస్తోంది, గేదెలు వచ్చేసరికి బూజు పట్టకుండా.

చెప్పాను. ఏమీ కలపకుండా చెప్పడం నాకు అలవాటు లేదు కనక ముక్కలు ముక్కలుగా వచ్చింది. సుడి. పెద్దది తిరగడం. కొమ్ములు. చిన్నది అక్కడే తిరగడం. నా కేక. అక్క గడ్డి విదల్చడం ఆపి నా మొహం చూస్తూ మొత్తం విన్నది. అయిపోయాక నేను ఫారం తీశాను. తియ్యకుండా ఉండాల్సింది. కనీసం ఆ రోజైనా.

ఆవిడ చూపు ఫారం మీదికి వెళ్ళింది. మొహం మారిపోయింది.

"ఇదా సంగతి."

"అక్కా, ఇదొక్కటీ నిజం."

"ప్రతిసారీ అలాగే అంటావు. డబ్బులు రావాలంటే చచ్చాయని చెప్పాలి. అందుకని ఇదొకటి అల్లుకొచ్చావు."

"అమ్మ మీద ఒట్టు."

"అమ్మ మీద ఒట్టేసే గదరా కొబ్బరిబొండం కథ చెప్పావు." గడ్డి మోపు కట్టి పక్కన పెట్టింది. "పెద్ద రైతు బతికున్న గేదెలు చచ్చాయని రాయించుకున్నాడని నువ్వే ఊరంతా చెప్పావు. ఇప్పుడు నన్ను కూడా అదే రాయమంటావా? కూలికైనా పోతాను గానీ, బతికున్న గొడ్డు చచ్చిందని సంతకం పెట్టను. నా చేత్తో తాడు కోసి వదిలాను వాటిని. బతకమని కోశాను."

ఎలా చెబితే నమ్ముతుందో నాకు తెలీదు. నమ్మేలా చెప్పడం ఒక్కటే నాకు వచ్చిన విద్య. ఆ విద్యతో చెప్పినదే ఆవిడ గట్టిగా పట్టుకుని కూర్చుంది.

పదిహేనో రోజు అక్కే ఫోను చేసింది. పై గట్టున ఒక ఊళ్ళో ఇంకా రెండు గేదెలు ఎవరూ రాక ఉండిపోయాయట, పాలకేంద్రంలో చెప్పారట. గెల తీసుకుని బయల్దేరాం. గట్టెక్కాక రోడ్డు రెండుగా చీలుతుంది. ఎడమకి మండలం ఆఫీసు, కుడికి గట్టు. స్కూటర్ ఆపాను.

"ఏంట్రా ఆగావు?"

"ఆఫీసులో చిన్న పనుంది. సంతకం పెడితే పది నిమిషాలు."

"గెల వాడిపోద్ది. పోనీ."

కుడికి తిప్పాను.

ఆ ఊళ్ళో ఒక పెద్దాయన తన ఇంటి పక్క సందులో రెండు గేదెల్ని చూపించాడు. నెలల తరబడి మేపాడు, రెండూ నిగనిగలాడుతున్నాయి. అక్క ముందు దూరం నుంచే "హోయ్" అంది. రెండూ నెమరేస్తూనే ఉన్నాయి. దగ్గరికెళ్ళి చెవులు చూసింది. కాదు. కాస్త చిన్నదానిలాగే ఉన్న గేదె మెడ మీద చెయ్యి వేసి కొంచెంసేపు నిలబడి, వచ్చి గెల అరుగు మీద పెట్టింది.

"మీవి కావుగా, గెల ఎందుకమ్మా?" అన్నాడు పెద్దాయన.

"ఎవరివో మేపారు కదండీ. మావి కూడా ఎవరో మేపుతుంటారు."

ఆయన నావైపు తిరిగాడు. "ఎటువైపు కొట్టుకొచ్చాయండీ మీవి? చెబితే మా వాళ్ళని కూడా చూడమంటాను."

అక్క అంది. "చెప్పరా. నువ్వేగా చూసింది."

మధ్యాహ్నం కావస్తోంది. ఆఫీసు అయిదింటి దాకా ఉంటుంది. ఫారం డిక్కీలో ఉంది. అక్క నా మొహం వైపే చూస్తోంది.

"అవతలి గట్టే ఎక్కాయండి" అన్నాను. "పెద్దది ముందు, చిన్నది వెనక."